రాయి కింద గస్తీ పుస్తకం

ఆ గురువారం పొద్దున డ్యూటీకి బయల్దేరే ముందు భూషణం, క్వార్టరు వెనక దండెం మీద ఆరేసిన జెండాలు రెండూ తీసి చూసుకున్నాడు. ఎర్రదాని అంచు ఒకచోట కుట్టు ఊడింది. సూదీ దారం తెమ్మని భార్య నూకమ్మనడిగి గుమ్మంలో కూర్చున్నాడు. తను కుడతానని ఆవిడ చెయ్యి చాపితే ఇవ్వలేదు. "నీ కుట్టు రవికలకి బాగుంటాది గానీ జెండాలకి పనికిరాదులే" అన్నాడు. నాలుగు నెలల్లో భర్త నోటివెంట వచ్చిన మొదటి వేళాకోళం అది. దగ్గరదగ్గరగా కుట్టి, దారం పంటితో తెంపి, జెండాలు చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ నూకమ్మ ఆ సంగతి పక్క వరసలో ఉండే మాసేకి చెప్పుకుని సంతోషపడింది.

సాయంత్రానికి భూషణం లేడు. తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఎలాగన్నది ఇక్కడ అక్కర్లేదు. ఆ రైల్వే కాలనీలో అప్పట్లో అది అక్కరకు మించే చెప్పుకున్నారు. ఎవరూ చెప్పుకోనిది అంతకు ముందరి నాలుగు నెలల సంగతి. అది అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు మాసే భర్త కోస. తెలిసీ తెలియనట్టు ఉండిపోయినవాడూ అతనే.

కోసది కుంట అనే ఊరి దగ్గరున్న మరైగూడ. కొండల్లోంచి విశాఖపట్నం రేవుదాకా ఇనపరాయి మోసుకుపోయే లైను వేస్తున్న రోజుల్లో, ఒక ఎండాకాలం మట్టిపనికని వచ్చి మళ్ళీ ఊళ్ళో నాగలి పట్టలేదు. కూలీ నుంచి పట్టాలు బాగుచేసే గ్యాంగుమేన్ అయ్యాడు, సర్కారీ క్వార్టరు వచ్చింది, తన ఊరి పిల్లే అయిన మాసేని తెచ్చుకున్నాడు. భూషణం బొబ్బిలి పక్కనుంచి ఉద్యోగం మీద వచ్చినవాడు. ఇద్దరూ ఒకే గ్యాంగు, ఇద్దరిదీ తెలుగే, కానీ ఒకరి తెలుగు ఒకరికి నవ్వులాట. వరస ఎవరు కలిపారో ఎవరికీ గుర్తులేదు గానీ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

వానాకాలం వస్తే ఆ లైను మీద భయం. కొండచరియ ఏ క్షణాన జారుతుందో, ఏ బండరాయి పట్టాల మీద వచ్చి కూర్చుంటుందో తెలియదు. అందుకని జూన్ ఆఖరు నుంచి అక్టోబరు ఆఖరుదాకా పగలూ రాత్రీ గస్తీ ఉంటుంది. పగటి గస్తీలో కాలనీ ఉన్న స్టేషను నుంచి భూషణం ఎగువకు నడిచేవాడు. కోస తెల్లవారగానే ఖాళీ వ్యాగన్ల బండి గార్డు పెట్టెలో ఎక్కి పై స్టేషనులో దిగి దిగువకు నడిచేవాడు. ఇద్దరి బీట్లూ కలిసేది నాలుగువందల పదిహేడో కిలోమీటరు రాయి దగ్గర. అక్కడ ఇద్దరూ ఎదురుపడి చేతిలో ఉన్న గస్తీ పుస్తకాలు మార్చుకోవాలి. భూషణం తెచ్చిన పుస్తకం కోస చేతిలో పై స్టేషనుకు పోతుంది, కోస తెచ్చింది భూషణం చేతిలో కింది స్టేషనుకు వస్తుంది. రెండు చోట్లా మాస్టర్లు సంతకం పెడతారు. ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూస్తే తప్ప పుస్తకం అవతలికి చేరదు. లైను మొత్తం నడిచారనడానికి అదే రుజువు. ఎప్పటిదో పాత పద్ధతి.

ఎనిమిది వానాకాలాలు ఆ రాయి దగ్గర వాళ్ళిద్దరూ పుస్తకాలు మార్చుకున్నారు. మార్చుకోవడానికి అరనిమిషం చాలు. వాళ్ళకి పావుగంట పట్టేది. భూషణం ఫ్లాస్కులో టీ తెచ్చేవాడు. కోస ఆకుదొన్నెలో ఏదో ఒకటి తెచ్చేవాడు, ఒక్కోసారి ఎర్రచీమల పచ్చడి. దాన్ని చూసి భూషణం ప్రతిసారీ ఒకటే మాట. "ఏటి బావా, ఈయన్నీ చచ్చినాయా, ఇంకా ఏవైనా తిరగతన్నాయా?" కోస తలెత్తకుండా, "తిరుగుతయి. నీ కడుపుల తిరుగుతయి. తిను" అనేవాడు. నవ్వుకుంటూనే తినేసేవాడు భూషణం. కూతురి చదువు, కొండమీద గనుల్లో పేలే మందు శబ్దం, జగదల్‌పూర్ దసరాకి ఈసారైనా వెళ్ళాలన్న ముచ్చట, ఆఫీసులో కొత్తగా వచ్చిన సాహెబు నడిచే తీరు, అన్నీ ఆ పావుగంటలోనే. తర్వాత ఎవరి దారిన వాళ్ళు వెనక్కి. మిగిలిన రోజంతా పట్టాలు, అడవి, వాన.

ఎనభై ఎనిమిదిలో గస్తీ మొదలవకముందే, జూన్ రెండో వారంలో ఆ ప్రమాదం జరిగింది. గ్యాంగు కాలవలు బాగుచేస్తోంది. వంపు దగ్గర లుకౌట్ భూషణం. బండి వస్తుంటే ముందుగా చూసి విజిల్ ఊది జెండా ఊపి పనివాళ్ళని పక్కకు తప్పించడం లుకౌట్ పని. ఒక్కసారిగా కుండపోత పట్టింది. బండి రావడం, విజిల్ మోగడం, మనుషులు చెల్లాచెదురవడం అన్నీ కలిసిపోయాయి. అందరూ తప్పుకున్నారు. లక్మా ఒక్కడు తప్పుకోలేకపోయాడు. లక్మా మాసేకి తమ్ముడు. గ్యాంగులో చేరి ఏడాది నిండలేదు.

విచారణ జరిగింది. విజిల్ ఊదినట్టు పదకొండు మంది చెప్పారు. లుకౌట్ తప్పు లేదని, వాన హోరులో వినబడలేదని రాశారు. భూషణం అక్కడ నిలబడి అంతా విని తల ఊపి ఇంటికొచ్చాడు. ఆ రాత్రి నుంచి అన్నం సగం కంచంలోనే వదిలేయడం మొదలైంది.

ఇక్కడినుంచి అందరూ భూషణానికి మేలే చేశారు.

గ్యాంగు మేస్త్రీ బంగారురాజు మంచివాడు. మనుషుల్లో ఉంటే లక్మా గుర్తుకొస్తాడని, ఒంటరిగా నడిస్తే మనసు కుదుటపడుతుందని, గస్తీ మొదలవగానే గ్యాంగులోంచి తీసి పగటి బీటు ఆయనకే ఇచ్చాడు. మిగతా అందరికీ వంతులు మారుతుంటే భూషణానికి, అతనికి ఎదురు నడిచే కోసకి మాత్రం మార్చలేదు. గ్యాంగువాళ్ళు ఆయన ముందు లక్మా పేరెత్తకూడదని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. ఆయన దగ్గరకు రాగానే మాటలు ఆపేసేవారు. ఆ నిశ్శబ్దం ఆయనకెలా వినబడిందో ఎవరూ ఆలోచించలేదు.

ఆగస్టులో నూకమ్మ బంగారురాజు ఇంటికి వెళ్ళింది. మనిషి పడుకోవడం లేదని, తెల్లవార్లూ గోడకానుకుని కూర్చుంటున్నాడని, విశాఖపట్నంలో మనసు డాక్టర్లుంటారట, తీసుకెళ్తానని చెప్పింది. మేస్త్రీ ఆవిడని కూర్చోబెట్టి నచ్చజెప్పాడు.

"ఆ డాక్టరు దగ్గరికెళ్తే కాయితం ఆఫీసుకొస్తాదమ్మా. కాయితం వొచ్చిందంటే లైను మీద నడవడానికి పనికిరాడని రాసీస్తారు. పిచ్చోడని ముద్రపడిపోద్ది. వొద్దు. వానలు తగ్గనీ, ఆడే తేరుకుంటాడు. మేవందరం లేవేటి?"

నూకమ్మ లేచి వచ్చేసింది. బంగారురాజు అన్నది పూర్తిగా అబద్ధం కాదు. అలా బీటు పోయినవాళ్ళున్నారు. అప్పటినుంచి గ్యాంగంతా భూషణాన్ని డాక్టర్ల కంటా సాహెబుల కంటా పడకుండా కాపాడింది. ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీద వస్తున్నాడని తెలిస్తే ముందుగా ఎవరో ఒకరు వెళ్ళి గడ్డం గీసుకోమని చెప్పేవారు. హాజరీలో ఏ రోజూ గైర్హాజరు పడనివ్వలేదు. ఉద్యోగాన్ని గట్టిగా పట్టుకున్నారు.

కోస చేసిన మేలు వేరు.

జూలై మొదటి వారంలో, గస్తీ మొదలైన కొత్తలో, రాయి దగ్గర భూషణం టీ పొయ్యలేదు. ఫ్లాస్కు తెచ్చాడు గానీ మూత తియ్యలేదు. పట్టాల వైపు చూస్తూ చెప్పాడు.

"వొక మాట ఎవలికీ చెప్పనేదు బావా. ఆ బండి వంపు తిరిగినప్పుడు నేను చొక్కా చెయ్యి పిండుకుంటన్నాను. నీళ్ళు కారిపోతన్నాయని. తలెత్తేసరికి బండి కనబడింది. ఊదినాను. విజిల్ ఊదింది నిజవే. కానీ ముందు చెయ్యి పిండుకున్నాను."

కోస దొన్నె చాపబోయి ఆగాడు.

"నువ్వేటంటావు బావా?"

కోస చేతిలో దొన్నె ఉంది. దాన్ని మెల్లగా రాయి మీద పెట్టాడు. లక్మాని చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని చింతలనార్ సంతకు తీసుకుపోయిన సంగతి గుర్తొచ్చింది. నీ తప్పేం లేదు అందామనుకున్నాడు, నోరు రాలేదు. తప్పు నీదే అనడానికీ రాలేదు. వాన చేతి మీద పడితే ఎవడైనా పిండుకుంటాడని తెలుసు. ఆ పిండుకోవడానికి ఎంతసేపు పడుతుందో కూడా లోపల ఎక్కడో లెక్కవేస్తూనే ఉన్నాడు.

"పుస్తకం ఇయ్యి. బండి టైమైతంది" అన్నాడు చివరికి.

పుస్తకాలు మార్చుకుని విడిపోయారు. ఆ మాట కోస మాసేకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కోస రాయి దగ్గరికి ముందుగా చేరాడు. ఎదురుచూస్తూ నిలబడితే మళ్ళీ ఆ ప్రశ్న వస్తుందనిపించింది. పుస్తకాన్ని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, కిలోమీటరు రాయి మొదట్లో పెట్టి, వానకు తడవకుండా పైన చదును రాయొకటి పెట్టి వెనక్కి వెళ్ళిపోయాడు. తన మొహం చూస్తే వాడికి లక్మా గుర్తొస్తాడు, బావమరిది పోలికలు తన ఇంట్లో తిరుగుతున్నాయి, కొన్నాళ్ళు ఎదురుపడకపోతేనే వాడికి నెమ్మది, అనుకున్నాడు. అందులో నిజం లేకపోలేదు. కోసకి తన నెమ్మది కూడా అందులో ఉందన్నది ఆ తర్వాత చాలా ఏళ్ళకి ఒప్పుకున్న సంగతి.

మరుసటి రోజు రాయి కింద భూషణం పుస్తకం ఉంది, అదే ప్లాస్టిక్ కాగితంలో చుట్టి. కోస దాన్ని తీసుకుని తనది పెట్టాడు. అలా సాగిపోయింది. పుస్తకం ఒక రోజు వెనకబడి అటూ ఇటూ వెళ్ళేది. సంతకాలకు ఆ సంగతి పట్టదు. ఇద్దరూ లైను నడుస్తూనే ఉన్నారు, ఒక్క చరియ కూడా వాళ్ళ కన్నుగప్పి జారలేదు. గస్తీ బ్రహ్మాండంగా జరుగుతోందని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు కూడా.

కాలనీలో మాత్రం కలవరా అంటే, కలవలేదు. కోస తిరిగొచ్చేసరికి చీకటి పడేది. భూషణం తలుపు వేసుకునేవాడు. ఒకటి రెండుసార్లు కుళాయి దగ్గర ఎదురైతే చుట్టూ పదిమంది. ఆ ప్రశ్న పదిమందిలో అడిగేది కాదు, జవాబు పదిమందిలో చెప్పేదీ కాదు. సెప్టెంబరు నెలలో నూకమ్మ దారికాచి మరీ కోసని పట్టుకుంది.

"ఓపాలి మా ఇంటికి రా అన్నయ్యా. నీతో అయితే మాటాడతాడు. నాతో ఏటీ అనడు. నిన్నటేల మంచినీళ్ళు తాగతా తాగతా, నేను నేకపోతే నీకే హాయి అన్నాడు. ఎందుకంటన్నాడో నాకు బోధపడ్డం నేదు."

 ఆ మాటకు అర్థం కోసకి తెలుసు. ఊళ్ళో ఒకప్పుడు పెద్దమ్మ నోట అదే మాట విని ఉన్నాడు, ఆ తర్వాత జరిగిందీ చూసి ఉన్నాడు. అయినా ఆ సంగతి పైకి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడ్డాడు. "వస్తా చెల్లె, ఆదివారం వస్తా" అన్నాడు. ఆ ఆదివారం మాసేకి జ్వరం. తర్వాతి ఆదివారం ఏ జ్వరమూ లేదు. వెళ్ళలేదు.

ఇదిలా ఉండగా మాసే పుట్టింటివాళ్ళు కబురు పంపారు. దీపావళి వెళ్ళిన మూడోనాడు లక్మాకి రాయి నిలబెడతారు. వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళ పేర దారి పక్కన నిలువు రాయి పాతుతారు. ఇంటివాళ్ళు, వియ్యాలవారు, పోయినవాడితో కలిసి పనిచేసినవాళ్ళు అందరూ తాళ్ళు పట్టి రాయిని లాక్కొచ్చి నిలబెట్టాలి. తాడు మీద చెయ్యి వేసినవాడికి, పోయినవాడికి మధ్య ఇక ఏ పేచీ ఉండదని లెక్క. గ్యాంగులో కొందరిని పిలవాలని మాసే అంది. ఎవరెవరిని అన్నప్పుడు భూషణం పేరు ఆమే ఎత్తింది. కోస వద్దన్నాడు. ఆ రాయి చూస్తే వాడు తట్టుకోలేడన్నాడు. మాసే అతని మొహంలోకి కాసేపు చూసి, సరే నీ ఇష్టం అంది. పిలిచినవాళ్ళందరికీ భూషణానికి చెప్పవద్దని కోసే చెప్పాడు. కాలనీలో ఆడవాళ్ళకి తెలిసిన సంగతి ఎవరి దగ్గరా దాగదన్నది అతనికి తట్టలేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం స్టేషనులో పాయింట్స్‌మేన్ ఆయతు, సిగ్నల్ దీపంలో నూనె పోస్తూ, అక్కడి హల్బీ భాషలో కబుర్లాడుతూ ఒక మాట అన్నాడు. మీ బావ ఈ మధ్య అరగంట ముందే బయల్దేరుతున్నాడు, ఎందుకంత తొందరంటే కోసతో మాటుంది అంటున్నాడు, అని. కోస నవ్వి ఊరుకున్నాడు. మర్నాటినుంచి తను అంతకు ముందరి బండి పట్టుకుని గంట ముందు బయల్దేరాడు.

ఆ వారంలోనే ఒకరోజు వెనక్కి తిరిగి నడుస్తూ వంపు దాటాక ఎందుకో ఆగి చూశాడు. కింద దూరంగా రాయి దగ్గర భూషణం ఉన్నాడు. వంగి చదును రాయి పక్కకు జరిపి, పుస్తకం తీసి, దాన్ని సంచిలో పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని లైను వెంట పైకి చూస్తున్నాడు. కోస టేకు చెట్ల చాటున ఉన్నాడు. కనబడడు. పిలిస్తే వినపడే దూరం. చాలాసేపు చూసి భూషణం పక్కనే స్లీపరు దుంగ మీద కూర్చున్నాడు. ఫ్లాస్కు తీశాడు, మూతలో టీ పోశాడు, తాగలేదు, కాసేపు పట్టుకుని పట్టాల పక్కన ఒంపేశాడు. కోస వెనక్కి తిరిగి గబగబా నడిచాడు.

అది సోమవారం. గురువారం పొద్దున భూషణం జెండా కుట్టుకున్నాడు.

ఆఫీసు నుంచి మనుషులొచ్చారు. ఇంట్లో ఏమైనా గొడవలా అని అడిగారు. నూకమ్మ లేవంది. వాళ్ళు కాగితం మీద కుటుంబ కారణాలని రాసుకున్నారు. ఆ సంగతి తెలిసి ఆవిడ కోస ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏడవలేదు. "మా ఇంట్లో ఏ గొడవా నేదని నీకు తెలుసన్నయ్యా. నువ్వొచ్చి చెప్పు. ఆ మాట మీద నా పిల్ల పెరగాల" అంది.

కోస వెళ్ళాడు. సాహెబు బల్ల ముందు నిలబడి, బంగారురాజు వింటుండగా, గుమ్మం బయట మాసే వింటుండగా, వచ్చీరాని హిందీలో అంతా చెప్పాడు. చొక్కా చెయ్యి సంగతి. రాయి కింద పుస్తకం సంగతి. నేను లేకపోతే నీకే హాయి అన్న మాట. తను చెట్ల చాటున నిలబడిన సంగతి. బంగారురాజు మధ్యలో ఒకసారి ఆపబోయాడు. తర్వాత అతనూ, డాక్టరు దగ్గరకు పోనివ్వనిది నేనేనండీ అని చెప్పి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. సాహెబు విని, ఇదంతా కాగితంలో పట్టదు అన్నాడు. కుటుంబ కారణాలన్నది మాత్రం కొట్టేశాడు. ఆ జాగాలో ఏమీ రాయలేదు.

 ఇంటికొచ్చి తలుపు తీస్తూ మాసే అంది: "చెయ్యి పిండుకుండంట. ఇంతేనా? ఇంత మాటకు ఏంది, నాకు జెప్తే నేను పోయి వాని చెయ్యి పట్టుకుందును గదా."



ఒక్క మాట అంటే చాలు, మనిషి బతికేవాడని ఎవరూ చెప్పలేరు. నాలుగు నెలలు నిద్రలేని మనిషికి మాటతో పాటు మందూ కావాలి, డాక్టరూ కావాలి, లైను మీద నుంచి కొన్నాళ్ళు సెలవూ కావాలి. ఆ సంగతి కోసకి చెప్పింది జగదల్‌పూర్ పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ, ఏడేళ్ళ తర్వాత. అప్పటికి బంగారురాజు రిటైరై వెళ్ళిపోయాడు, కోసే మేస్త్రీ. అతని గ్యాంగులో గస్తీ పుస్తకం చేతి నుంచి చేతికే మారాలి. రాయి కింద పెట్టినట్టు తెలిస్తే ఎంత సీనియరునైనా బీటు నుంచి తీసేసేవాడు. ముసలోడికి పుస్తకాల పిచ్చి అని వెనక నవ్వుకునేవారు. ఒంటరి బీటు ఎవరికీ వారం మించి ఇచ్చేవాడు కాదు. అడగవలసినది నేరుగా అడిగేవాడు.

ఆసుపత్రికి వెళ్ళింది లచ్చు కోసం. లచ్చు నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు పోయాక మాట తగ్గిపోయాడు. ఒకరోజు స్లీపర్లు మారుస్తుండగా అతను గడ్డపలుగు పక్కన పెట్టి, నేను పోతే మీకో పీడ పోతుంది అన్నాడు. అందరూ నవ్వేశారు. కోస నవ్వలేదు. పని ఆపించి, అతన్ని పక్కకు తీసుకెళ్ళి కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చున్నాడు.

"సచ్చిపోవాలె అనిపిస్తుందా లచ్చూ?"

లచ్చు "దినామూ" అన్నాడు. అని మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చాడు. ఆ రోజంతా కోస అతన్ని వదల్లేదు. రాత్రి తన ఇంట్లో పడుకోబెట్టి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కించాడు. అడిగితే ఆలోచన పుడుతుందేమోనని ఒకప్పుడు భయపడ్డానని డాక్టరమ్మతో చెప్పాడు. పుట్టదు, అడిగితే లోపలున్నది బయటికి వస్తుంది, మీరు చేసింది సరైన పని అందామె. మూడు నెలలు లచ్చు లైను మీదికి రాలేదు. కాగితం ఆఫీసుకు వెళ్ళింది. అతన్ని స్టోరు రూములో పనికి మార్చారు. కొంతకాలం పిచ్చోడన్నారు. తర్వాత మర్చిపోయారు. లచ్చు రిటైరయ్యాడు, ఉసూర్ దగ్గర, మిగిలిన కొడుకింట్లో ఉన్నాడు, ఇప్పటికీ పండగలకి కోసకి కబురు పెడతాడు.

ఆసుపత్రిలో ఆ మాట విన్నప్పుడు కూడా కోసకి ఊరట కలగలేదు. డాక్టరమ్మ సరైన పని అన్న మాటలోంచి అతనికి చెట్ల చాటు నుంచి చూసిన ఆ టీ మూతే కనబడింది.

లక్మా రాయి ఆ ఏడు దీపావళి తర్వాత అనుకున్న రోజునే నిలబెట్టారు. గ్యాంగు నుంచి ఏడుగురు వెళ్ళారు. తాడు పట్టేటప్పుడు కోస తన ముందు ఒక మనిషి పట్టేంత జాగా వదిలాడని మాసే తర్వాత చెప్పేది. అతనికి మాత్రం అలా చేసినట్టు గుర్తులేదు.

కోస రిటైరయ్యే సంవత్సరం సెక్షన్ ఆఫీసు కొత్త భవనంలోకి మారింది. పాత కాగితాలు గోనెల్లో కట్టి బయట వేశారు. తన సర్వీసు కాగితం ఏదో కావలసి వచ్చి కోస అక్కడే కూర్చున్నాడు. గుమాస్తా కట్టలు విప్పుతూ ఒక్కొక్కటి పక్కన పడేస్తున్నాడు. ఒకచోట ఆగి, ఈ భూషణం ఎవరు, మీ గ్యాంగువాడేనా అని అడిగాడు.

కోస అవునన్నాడు.

పోయాక కూడా ఈయన సెలవు కాగితం ఫైల్లోనే ఉంది, మంజూరు కూడా అయింది, చూడు, అంటూ గుమాస్తా కాగితం చాపాడు. చదవలేనని కోస అంటే అతనే చదివి వినిపించాడు. బుధవారం, అక్టోబరు పన్నెండు, ఎనభై ఎనిమిది. ఒక రోజు సెలవు కావాలి. ఏ రోజు అంటే, దీపావళి వెళ్ళిన మూడోనాడు. ఎక్కడికి అన్నచోట మరైగూడ అని ఉంది. కారణం అన్నచోట, లక్మా రాయికి తాడు పట్టుటకు, అని ఉంది.